నీలిరంగు మాత్రలో ఆకుకూర కథ

మీలో చాలామంది బడిలో వారానికొకసారి నీలిరంగు మాత్ర వేసుకొనే ఉంటారు. మధ్యాహ్న భోజనం కాగానే అందరినీ వరుసగా కూర్చోబెట్టి, ఉపాధ్యాయులు దగ్గరుండి మింగించే మాత్ర అది. రక్తహీనత రాకుండా ఇస్తారని కూడా మీకు తెలుసు. అందులో ఉండే ముఖ్య పదార్థాలు రెండే. ఒకటి ఇనుము, రెండవది ఫోలిక్ ఆమ్లం. ఆ ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. అంటే మాత్రలోని ఫోలిక్ ఆమ్లం అర మిల్లీగ్రాము మాత్రమే. చిటికెడు ఉప్పు బరువులో నూరవ వంతు కూడా ఉండదు!

లాటిన్ భాషలో 'ఫోలియం' అంటే ఆకు. ఫోలిక్ ఆమ్లం అంటే 'ఆకు ఆమ్లం' అన్నమాట. ఈ కొద్దిపాటి ఆకు ఆమ్లం వెనుక ఒక విచిత్రమైన కథ ఉంది. ఇది తక్కువైతే రక్తం పాలిపోతుంది. కాని దీన్నే రక్త కాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు మరింత ముదిరింది. దీని రూపాన్ని కాస్త మార్చి ఇస్తే అదే కాన్సర్ వెనుకంజ వేసింది. ఈ కథలో ముఖ్య పాత్రధారి మన భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు.

'ఫలానా ఆకు తింటే కాన్సర్ రాదట', 'ఫలానా కషాయం తాగితే రోగ నిరోధక శక్తి పెరుగుతుందట' అనే మాటలు మీరు తరచుగా వింటూ ఉంటారు. ఇటువంటి మాటలు విన్నప్పుడు ఎలా ఆలోచించాలో ఆకు ఆమ్లం కథ మనకు చక్కగా నేర్పుతుంది. పదండి, మొదటినుంచి చూద్దాం.

కణం రెండు కావాలంటే

మన శరీరంలో కణాలు ఊరికే కూర్చోవు. పాతవి పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. మీరు ఈ వాక్యం చదివేలోగా కోటి దాకా తయారై ఉంటాయి! ప్రేగుల లోపలి పొర కూడా కొద్ది రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది.

ఒక కణం రెండు కావాలంటే ముందు తనలోని డి.ఎన్.ఏ.కు నకలు తీయాలి. డి.ఎన్.ఏ. నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పెద్ద గ్రంథం వంటిది. ఆ నాలుగు అక్షరాలలో ఒకటి థైమిన్. థైమిన్ అక్షరాన్ని తయారు చేయడానికి ఫోలిక్ ఆమ్లపు సహాయం తప్పనిసరి.

పాతకాలపు అచ్చాఫీసులలో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చి పుస్తకాలు అచ్చువేసేవారు. పేర్చేవాడి దగ్గర 'త' అక్షరాలు నిండుకున్నాయనుకోండి, ఏమవుతుంది? పని ఆగిపోవాలి. లేదా 'త' ఉండవలసిన చోట 'ద' పెట్టి ఎలాగో పని గడిపివేయాలి. ఫోలిక్ ఆమ్లం చాలని కణంలో ఈ రెండూ జరుగుతాయి. కణ విభజన మందగిస్తుంది. థైమిన్ ఉండవలసిన చోట యురాసిల్ అనే మరో అక్షరం వచ్చి చేరుతుంది. ఆ తప్పులను సరిదిద్దే ప్రయత్నంలో డి.ఎన్.ఏ. పోగులు ఒక్కొక్కసారి తెగిపోతాయి కూడా. డి.ఎన్.ఏ.లో తప్పులు పేరుకుపోవడమే కాన్సర్‌కు మొదటి మెట్టు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మన శరీరం ఈ ఆమ్లాన్ని స్వయంగా తయారు చేసుకోలేదు. మొక్కలు, సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలలోను, శనగలు, పెసలు, మినుములు వంటి పప్పుగింజలలోను ఇది ఉంటుంది. జంతువులు తిన్నదానిలో కొంత వాటి కాలేయంలో నిలవ ఉంటుంది. ఆహారంలో ఉండే రూపాలను ఫోలేట్లు అంటారు. మాత్రలో వాడేది ఫోలిక్ ఆమ్లం. విటమిన్ బి-9 అన్నా ఇదే.

బొంబాయి కార్మిక స్త్రీలు

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలకు గర్భవతులుగా ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనత వచ్చేది. సూక్ష్మదర్శినిలో చూస్తే వారి ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవిగా కనిపించేవి. ఇది ఇనుము లోపం కాదు. ఇందుకు కారణం ఆ స్త్రీల ఆహారంలోనే ఉందని ఆమె అనుమానించింది. చివరకు మార్మైట్ అనే ఈస్టు సారం ఇస్తే ఆ రక్తహీనత కుదురుతున్నదని 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ పదార్థమేమిటో మాత్రం అప్పటికి తెలియదు. దాన్ని 'విల్స్ పదార్థం' అని పిలిచారు.

1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో హెర్షెల్ మిచెల్, అతని సహచరులు నాలుగు టన్నుల పాలకూర జాతి ఆకులను మరిగించి, వడపోసి, శుద్ధి చేసి ఒక ఆమ్లాన్ని రాబట్టారు. ఆకునుంచి వచ్చింది కనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అంత ఆకు నుంచి దొరికింది ఏ కొంచెమో! ఇలాగైతే రోగులకు సరిపడా మందు ఎక్కడనుంచి వస్తుంది? ప్రయోగశాలలో తయారు చేయడమొక్కటే మార్గం.

భీమవరం నుంచి పెర్ల్ రివర్‌కు

ఆ పని చేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన చదువుకునే రోజులలోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ వచ్చినవారి ప్రేగులు ఆహారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కి శల్యమవుతాడు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్ళిన సుబ్బారావు మొదట హార్వర్డులో పరిశోధనలు చేశాడు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. నాలుగు టన్నుల ఆకుతో ఇక పనిలేదు. ఈ ఫోలిక్ ఆమ్లం ఉష్ణమండలపు స్ప్రూ వ్యాధికి మంచి మందని త్వరలోనే తేలింది. సోదరులను బలిగొన్న జబ్బుకు మందు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది!

ఎలుకలలో ఒకటి, పిల్లలలో మరొకటి

అదే కాలంలో న్యూయార్క్‌లో కొందరు శాస్త్రజ్ఞులు కాన్సర్ గడ్డలున్న ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూశారు. గడ్డలు తగ్గాయని ప్రకటించారు. ఆ వార్త ఎంత ఆశ పుట్టించి ఉంటుందో ఊహించండి. ఆకుకూరలో ఉండే నిరపాయకరమైన విటమిన్, పైగా రక్తాన్ని వృద్ధి చేసేది, కాన్సర్‌ను కూడా తగ్గిస్తుందంటే ఎవరికి ఆనందం కాదు?

బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. ల్యూకేమియా అనే రక్త కాన్సర్ వచ్చిన పిల్లలను ఆయన చూస్తుండేవాడు. ల్యూకేమియాలో మూలుగలోని తెల్లకణాలు అదుపు తప్పి, పక్వం కాకుండానే పెరిగిపోతాయి. ఆ రోజులలో ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు బతికేవారు. ఫార్బర్ సుబ్బారావు బృందం నుంచి ఫోలిక్ ఆమ్లం సంబంధమైన పదార్థాలు తెప్పించి కొందరు పిల్లలకు ఇచ్చాడు.

ఫలితం తలకిందులయింది. మూలుగలో కాన్సర్ కణాలు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగాయి.

ఎందుకలా జరిగిందో మీరే చెప్పగలరు. కాన్సర్ కణానికి తెలిసిందొక్కటే, ఆగకుండా రెండు కావడం. అందుకు డి.ఎన్.ఏ. నకళ్ళు కావాలి. నకలుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. పొలంలో ఎరువు చల్లితే వరి ఒక్కటే పెరుగుతుందా? కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది కదా! ఎరువుకు వరి ఏదో, కలుపు ఏదో తెలియదు.

తాళంలో ఇరుక్కొన్న చెవి

ఫార్బర్ అంతటితో నిరాశపడి ఊరుకోలేదు. ఫోలిక్ ఆమ్లంతో కాన్సర్ పెరుగుతున్నదంటే, ఆ ఆమ్లం అందకుండా చేస్తే కాన్సర్ మాడిపోవాలి కదా! అనుకోని ఫలితమే ఆయనకు దారి చూపింది.

సుబ్బారావు ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించే కొన్ని పదార్థాలు తయారయ్యాయి. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట ఆక్సిజన్, హైడ్రొజన్‌ల జత ఉంటుంది. దాన్ని తీసి నైట్రొజన్, హైడ్రొజన్‌ల గుంపు పెడితే అమినోప్టెరిన్ అవుతుంది. మిగిలినదంతా ఒకటే. మార్పు చిన్నదే, ఫలితం మాత్రం చాలా పెద్దది.

కణంలో ఫోలిక్ ఆమ్లాన్ని పనికి సిద్ధం చేసే ఒక ఎంజైము ఉంది. ఎంజైమును తాళం అనుకుంటే, ఫోలిక్ ఆమ్లం దానికి సరిపోయే చెవి. అమినోప్టెరిన్ దొంగ చెవి. తాళంలో దూరుతుంది కాని తిరగదు. పైగా గట్టిగా ఇరుక్కుపోతుంది. అసలు చెవి వచ్చినా ఇక దూరడానికి చోటు లేదు. థైమిన్ తయారీ ఆగుతుంది, నకలు ఆగుతుంది, కణం చస్తుంది.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలను ప్రకటించాడు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు గుర్తించదగినంతగా తగ్గింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. అయితే ఆ మేలు తాత్కాలికమే. కొన్ని నెలలకు జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఫార్బర్ ఈ విషయాన్ని దాచలేదు. తాత్కాలికమనే స్పష్టంగా రాశాడు. ఆ తరువాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53వ ఏట కన్నుమూశాడు.

ఆయన బృందం తయారు చేసిన మరో దొంగ చెవి మెథోట్రెక్సేట్. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భాశయంలో వచ్చే ఒక అరుదైన కాన్సర్‌ను ఆ మందుతో పూర్తిగా నయం చేయగలిగారు. ఇప్పుడు పిల్లలలో ఎక్కువగా కనిపించే ల్యూకేమియాకు మెథోట్రెక్సేట్‌ను మరికొన్ని మందులతో కలిపి ఇస్తున్నారు. వైద్య సౌకర్యాలు బాగా ఉన్న దేశాలలో ఆ జబ్బు వచ్చిన పిల్లలు నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు.

మరి రోగ నిరోధక శక్తి సంగతి?

మన రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు కాపలా కాస్తుంటాయి. ఏదైనా క్రిమి లోపలికి వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టగల లింఫోసైట్లు కొన్నే ఉంటాయి. ఆ కొన్నీ వెంటనే విభజన చెంది వేలు, లక్షలు అవుతాయి. అప్పుడే క్రిమితో పోరాడే సైన్యం సిద్ధమవుతుంది. విభజన అనగానే మీకు అర్థమై ఉంటుంది. ఇక్కడా ఆకు ఆమ్లం కావాలి. అది బాగా లోపించినవారిలో ఈ సైన్యం బలహీనపడుతుంది.

మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు కూడా ఇదే చిక్కు. ఆ మందుకు కాన్సర్ కణమేదో, కాపలా కణమేదో తెలియదు. వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే రోగికి తెల్లకణాలు తగ్గుతాయి, నోటిలో పుండ్లు పడతాయి. వైద్యులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చి, కొన్ని గంటలు గడిచాక ఫోలినిక్ ఆమ్లం అనే మరో ఫోలేట్ రూపాన్ని ఇస్తారు. అది మంచి కణాలను ఆదుకుంటుంది. విషమూ, విరుగుడూ రెండూ ఆకు ఆమ్లపు కుటుంబంలోవే, చూశారా!

ఒక్కొక్కసారి రోగ నిరోధక శక్తి దారితప్పి మన శరీరం మీదనే దాడి చేస్తుంది. రుమటాయిడ్ కీళ్ళవాతం అటువంటి జబ్బు. అందులో కాపలా కణాలే కీళ్ళను దెబ్బతీస్తాయి. ఆ రోగులకు మెథోట్రెక్సేట్‌ను చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి ఇచ్చి ఆ దాడిని చల్లారుస్తారు. కాబట్టి రోగ నిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదనడం సరికాదు. అది అదుపులో ఉండటమే ఆరోగ్యం.

ఎక్కువ తీసుకుంటే ఎక్కువ మేలా?

ఫోలేట్ చాలకపోతే డి.ఎన్.ఏ.లో తప్పులు వస్తాయని చెప్పుకున్నాం. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారిలో పెద్దప్రేగు కాన్సర్ కొంత తక్కువగా కనిపించిందని అనేక పరిశీలనలు చెప్పాయి. అయితే మాత్రల రూపంలో ఎక్కువగా ఇస్తే ఆ కాన్సర్‌ను ఆపవచ్చునా?

అమెరికా, కెనడాలలో శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించారు. పెద్దప్రేగులో ఒకసారి బుడిపెలు వచ్చి తీయించుకున్న 1,021 మందిని తీసుకున్నారు. ఈ బుడిపెలలో కొన్ని మెల్లగా కాన్సర్‌గా మారతాయి. సగం మందికి రోజూ ఒక మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం, మిగిలిన సగానికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో వారికి తెలియదు. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం ఫోలిక్ ఆమ్లం బుడిపెలను తగ్గించలేదు. పైగా ముదిరిన బుడిపెలు ఆ గుంపులోనే కొంత ఎక్కువేమోనన్న అనుమానం కలిగింది. ఆ తరువాత 13 ప్రయోగాలలోని సుమారు 50,000 మంది లెక్కలను కలిపి చూసి 2013లో ప్రకటించారు. ఫోలిక్ ఆమ్లపు మాత్రల వల్ల కాన్సర్ చెప్పుకోదగినంతగా పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

మరో ఉదాహరణ చూడండి. కారట్‌కు ఆ రంగునిచ్చే బీటా-కెరోటిన్ ఆకుకూరలలోను, మామిడి పండులోను కూడా ఉంటుంది. దీన్ని ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల కాన్సర్ తక్కువని గమనించారు. ఫిన్లాండులో 1985 నుంచి 1993 వరకు సిగరెట్లు తాగే 29,133 మంది పురుషులను పరీక్షించారు. బీటా-కెరోటిన్ మాత్రలు తిన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గలేదు సరికదా, నూటికి 18 వంతులు పెరిగింది! అమెరికాలో ఇటువంటిదే మరో ప్రయోగాన్ని, హాని జరుగుతున్నట్లు కనిపించడంతో, 1996లో మధ్యలోనే ఆపివేశారు.

ఆకుకూర చెడ్డదని దీని అర్థం కాదు. ఆకులో ఒక్క పదార్థమే ఉండదు. పీచు, ఇతర విటమిన్లు, ఖనిజాలు, వందలాది రసాయనాలు కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి. పైగా కూరగాయలు బాగా తినేవారు సాధారణంగా పొగ తక్కువ తాగుతారు, ఇతర విషయాలలోనూ జాగ్రత్తగా ఉంటారు. మేలు వేటివల్ల కలిగిందో విడదీయడం అంత తేలిక కాదు. అందుచేతనే ఆహారంగా తినడం వేరు, అందులోని ఒక్క పదార్థాన్ని మాత్రగా, పెద్ద మోతాదులో తినడం వేరు.

ఇప్పుడు మనం చేయవలసింది

ఇది చదివి నీలిరంగు మాత్ర మానేయకండి సుమా! అందులోని ఆమ్లం కొద్దిపాటిది, అదీ వారానికొకసారి. లోటును పూడ్చడానికే ఇస్తున్నారు. గర్భం ధరించక ముందునుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, పుట్టబోయే బిడ్డకు వెన్నుపాము సరిగా ఏర్పడని లోపం చాలావరకు తప్పుతుందని 1991లో ఒక పెద్ద ప్రయోగం నిరూపించింది. లోటును పూడ్చడం మేలని, లోటు లేనిచోట గుమ్మరించడం మేలు కాదని గ్రహిస్తే చాలు. కాన్సర్‌కు మందులు వాడుతున్నవారు మాత్రం ఏ విటమిన్ మాత్రనూ, ఏ పసరునూ వైద్యునికి చెప్పకుండా తీసుకోరాదు. ఎందుకో మీకిప్పుడు తెలుసు.

ఫోలేట్ నీటిలో కరిగే పదార్థం. వేడికి కొంత నశిస్తుంది కూడా. ఆకుకూర ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఫోలేట్‌లో చాలాభాగం కాలువపాలవుతుంది. మన ఇళ్ళలో చేసే పాలకూర పప్పు, తోటకూర పప్పు సంగతి చూడండి. ఆకు, పప్పు రెండింటిలోనూ ఫోలేట్ ఉంది. ఉడికిన నీళ్ళు కూరలోనే ఉండిపోతాయి. ఆకును ముందు కడిగి, ఆ తరువాత తరిగితే మరీ మంచిది. ఇంట్లో అమ్మకో, వంట చేసేది నాన్న అయితే నాన్నకో ఈ సంగతి చెప్పండి. పెద్దలకు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పొగాకు జోలికి పోకుండా ఉండటం కాన్సర్ విషయంలో అన్నిటికంటే పెద్ద జాగ్రత్త.

ఈసారి ఎవరైనా మీతో 'ఈ ఆకు కాన్సర్‌ను చంపుతుంది' అంటే ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

1. పరీక్షించింది గాజు గొట్టంలోని కణాల మీదనా, ఎలుకల మీదనా, మనుషుల మీదనా?
2. ఎంతమంది మీద? పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు ఉన్నదా?
3. ఎంత మోతాదు? కూరలో తినేంతా, వంద రెట్లా?
4. మేలు కలిగినవారినే లెక్కపెట్టారా, కలగనివారినీ, హాని జరిగినవారినీ కూడా లెక్కపెట్టారా?

ఎలుకలలో వచ్చిన ఫలితాన్ని పిల్లలలోనూ వస్తుందని ఫార్బర్ ఆశించాడు. రాలేదు. రాలేదన్న నిజాన్ని ఒప్పుకోబట్టే ఆయన సరైన దారి పట్టాడు. ఆకు ఆమ్లాన్ని తయారు చేసిన చేతులతోనే దాని పనికి అడ్డుపడే మందును కూడా సుబ్బారావు తయారు చేయించాడు. వచ్చే వారం నీలిరంగు మాత్ర మీ చేతిలో పెట్టినప్పుడు ఒక్క క్షణం దానివంక చూసి, భీమవరపు శాస్త్రజ్ఞుణ్ణి తలచుకొని, అప్పుడు మింగండి.